వాల్తేరులో బస ఎక్కడ? – సైకిలు, సిటీబస్సుల లెక్క

ఏటా క్లాసులు మొదలయ్యే రోజుల్లో మద్దిలపాలెం, పెదవాల్తేరు వీధుల్లో ఒక దృశ్యం తప్పకుండా కనబడుతుంది. శ్రీకాకుళం నుంచో, బొబ్బిలి నుంచో, మా గరివిడి నుంచో వచ్చిన ఒక తండ్రి, పక్కన కొడుకో కూతురో, చేతిలో సర్టిఫికెట్ల ఫైలు. తల పైకెత్తి మేడల మీది 'టు లెట్' బోర్డులు చదువుకుంటూ నడుస్తుంటారు. గది దొరికితే వాళ్ళు అడిగేవి నాలుగే ప్రశ్నలు: గాలీ వెలుతురూ ఉందా, నీళ్ళొస్తాయా, అద్దెంత, అడ్వాన్సెంత. ఆ గదినుంచి రోజూ క్లాసుకి ఎలా వెళ్ళాలన్నది అడ్వాన్సు ఇచ్చేశాక గుర్తొస్తుంది. నేనూ అలా ఆలస్యంగా గుర్తొచ్చినవాణ్ణే.

వార్షిక సంచికకి ఏదైనా రాయమని విద్యార్థి మిత్రులు అడిగారు. పూర్వ విద్యార్థులు ఇలాంటి చోట గురువుల్ని, చెట్లని, సముద్రాన్ని తలుచుకోవడం ఆనవాయితీ. నేను బస్సుల్ని తలుచుకుంటాను. దానికి కారణం ఈ సంవత్సరం మా ఇంట్లో జరిగిన ఒక చర్చ.

మా చెల్లెలి కూతురికి ఇక్కడ ఎమ్మెస్సీలో సీటు వచ్చింది. హాస్టలు సంగతి తేలలేదు. మా బావ తేల్చిన సంగతి మాత్రం ఒకటుంది: గోపాలపట్నంలో తెలిసినవాళ్ళ మేడమీద గది ఉంది, అద్దె తక్కువ, సింహాచలం స్టేషను దగ్గర, రైలు దిగితే ఇంట్లో ఉన్నట్టే. "బస్సు ఆడపిల్లలకి ఉత్తినే కదా బావా, ఎంత దూరమైతే ఏటి?" అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో టిక్కెట్టు లేదు. కుదరకపోతే గరివిడి నుంచే అప్‌డౌన్ చేస్తుంది, అదీ కుదరకపోతే ఊళ్ళో ఉండి వేరే ఏదైనా చదువుకుంటుంది. ఇదీ ఆయన తీర్మానం. అంటే గది కుదరడం మీద సీటు నిలబడి ఉందన్నమాట. పిల్ల నాకు వేరుగా ఫోను చేసి, "మావయ్యా, నువ్వు చెప్తే నాన్న వింటారు" అంది. చెప్పడానికి నా దగ్గర ఏముంది? మూడు గదుల అనుభవం ఉంది. ముందు అది చెబుతాను.

నేను 1994లో ఎమ్మెస్సీలో చేరినప్పుడు మొదటి గది మధురవాడలో. అప్పటికి మధురవాడ అంటే ఊరవతల. చవగ్గా దొరికింది, ఇద్దరం పంచుకున్నాం, కొబ్బరిచెట్ల గాలి. యూనివర్సిటీకి పది పన్నెండు కిలోమీటర్లు. ఎండాడ దగ్గర ఎత్తెక్కి దిగాలి, కాబట్టి సైకిలు అక్కడ పనికిరాలేదు. బస్సు తప్పితే రెండోది ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చినా ఆగుతుందని నమ్మకం లేదు. నాలుగు నెలల్లో పొద్దుటి ప్రాక్టికల్స్‌లో నా హాజరు ఎంత పడిపోయిందంటే, పరీక్షకి కూర్చోనిస్తారా లేదా అన్నంత దాకా వచ్చింది. మా మాస్టారు ఏమీ అనలేదు. గడియారం వైపు ఒకసారి చూసేవారు, అంతే.

రెండోది కంచరపాలెంలో. ఈసారి తెలివిగా ఆలోచించాననుకున్నాను. శనివారం పలాస పాసింజరు ఎక్కితే ఇంటికి పోవచ్చు, స్టేషను సైకిలు దూరం. వారానికి ఒకసారి చేసే ప్రయాణానికి అది బ్రహ్మాండమైన గది. వారానికి ఆరుసార్లు చేసే ప్రయాణానికి ఊరు మొత్తం అడ్డంగా దాటాలి. మూడోది ఇసకతోట. గది చిన్నది, గోడలకి చెమ్మ, ఇంటివారికి కోపం ఎక్కువ. అయినా అక్కడే చదువు పూర్తిచేశాను. ఎందుకంటే ఆ గదినుంచి క్లాసుకి సైకిలు మీద పావుగంట. సైకిలు పాడైతే వీధి చివర హైవే, దాని మీద ఊరికి వచ్చే బస్సులన్నీ.

ఈ మూడు గదుల్నీ పటం మీద పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. విశాఖపట్నం మైదానంలో పుట్టిన ఊరు కాదు. తూర్పున సముద్రం, దక్షిణాన యారాడ కొండ, ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు. ఊరు పెరగాలంటే కొండల సందుల్లోంచి పాకాలి. అందుకే 2011 లెక్కలకే 17 లక్షలు దాటిన జనం అటూ ఇటూ తిరగడానికి పెద్ద రోడ్లు కొన్నే ఉన్నాయి. గాజువాక నుంచి ఎన్.ఏ.డి. మీదుగా మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ దాకా జాతీయ రహదారి ఒక్కటే వెన్నెముక. యూనివర్సిటీ 1926లో పుట్టి 1930లో ఈ వాల్తేరు మెట్టకి చేరినప్పుడు ఊరికి ఎడంగా ఉండేది. తర్వాత ఊరే వచ్చి దాన్ని చుట్టుకుంది.

ఇక మన జిల్లాల వాళ్ళకి ముఖ్యమైన విషయం. విజయనగరం వైపునుంచి ఈ ఊరికి రెండు గుమ్మాలు. రైలెక్కితే కోరుకొండ, అలమండ, కొత్తవలస, పెందుర్తి మీదుగా సింహాచలం కొండకి పడమటి పక్కనుంచి వచ్చి, మర్రిపాలెం దాటి స్టేషనుకి చేరతాం. విజయనగరంలో బస్సెక్కితే చింతలవలస, తగరపువలస, ఆనందపురం, మధురవాడ మీదుగా అదే కొండకి తూర్పు పక్కనుంచి హనుమంతవాక, మద్దిలపాలెం వస్తాం. మధ్యలో కొండ. యూనివర్సిటీ ఉన్నది బస్సు గుమ్మం దగ్గర. రైలు గుమ్మం దగ్గర గది తీసుకుంటే ఇంటికి దగ్గరవుతాం, క్లాసుకి దూరమవుతాం. గరివిడి నుంచి రైల్లో ఊళ్ళోకి వచ్చే మాలాంటి వాళ్ళందరం, దిగిన స్టేషను చుట్టూనే గది వెతుక్కోవడం ఈ పొరపాటుకి మూలం. గరివిడి నుంచి విశాఖకి రైల్లో సుమారు 85 కిలోమీటర్లు. అది వారానికొకసారి. విజయనగరంలో మారి బస్సెక్కితే కాస్త ఎక్కువ అవస్థ కావచ్చు. ఆ అవస్థ కూడా వారానికొకసారే.

"ఉత్తి బస్సు" సంగతికి వస్తాను. బస్సుకి మనం ఇచ్చేది డబ్బొక్కటే కాదు, కాలం కూడా ఇస్తాం. కాలంలో మూడు ముక్కలున్నాయి: బస్టాపుకి నడక, నిలబడడం, కూర్చోవడం (దొరికితే). అందరూ లెక్కేసేది మూడోది. మనిషిని అలిసిపోయేలా చేసేది రెండోది.

దీనికి చిన్న లెక్కుంది. ఒక బస్సు ఇరవై నిమిషాలకి ఒకటి వస్తుందనుకోండి. టైము చూసుకోకుండా వెళ్ళి నిలబడేవాడు సగటున పది నిమిషాలు ఆగాలి. అదే మూడు వేర్వేరు నంబర్ల బస్సులు, ఒక్కొక్కటీ ఇరవై నిమిషాలకి వచ్చేవి, మన దారిలో కలిసి నడుస్తున్నాయనుకోండి. ఏడు నిమిషాలకొకటి వచ్చినట్టు, మూడున్నర నిమిషాల ఎదురుచూపు. బస్సుల సంఖ్య పెరగలేదు, వేగం పెరగలేదు. మనం నిలబడ్డ చోటు మారిందంతే. కాబట్టి బస్సు 'ఉందా' అని అడగకూడదు. మన దారిలో కలిసి నడిచే నంబర్లు ఎన్ని అని అడగాలి. మధురవాడ, తగరపువలస, భీమిలి వైపునుంచి వచ్చే 25, 222, 999 నంబర్లన్నీ హనుమంతవాక దగ్గరికి వచ్చేసరికి ఒకే రోడ్డు మీద ఉంటాయి. అక్కడినుంచి మద్దిలపాలెం దాకా ఎక్కడ నిలబడినా ఏదో ఒకటి వస్తుంది. లోపలి కాలనీల్లోకి పోయే ఒంటి నంబరు బస్సు ఇంటి గుమ్మం ముందే ఆగినా, దాన్ని నమ్ముకుంటే దాని దయ మీద బతకాలి.

లెక్క చెప్పినంత సాఫీగా రోడ్డు ఉండదని మీరంటారు. నిజమే. అరగంట ఒక్కటీ రాదు, తర్వాత మూడు ఒకదాని వెనకొకటి వస్తాయి. ఇది డ్రైవర్ల కుట్ర అని మా హాస్టలు మిత్రుడొకడు గట్టిగా నమ్మేవాడు. కుట్రేమీ లేదు. ముందు బస్సు ఏ సిగ్నలు దగ్గరో రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆ రెండు నిమిషాల్లో తర్వాతి స్టాపులో పదిమంది ఎక్కువ చేరతారు. వాళ్ళని ఎక్కించుకోవడానికి ఇంకో నిమిషం. వెనక బస్సుకి జనం ఎవరూ మిగలరు కనుక అది చకచకా వచ్చి దీన్ని అందుకుంటుంది. దారి పొడుగున ఇది పెరుగుతూనే ఉంటుంది. అందుచేత బస్సు బయల్దేరే చోటుకి దగ్గర్లో ఉన్నవాళ్ళకి టైము కాస్త నమ్మకం, సీటు కూడా ఖాయం. నడుమ స్టాపులవాళ్ళకి ఆ రెండూ లేవు. పైగా ఇప్పుడు టిక్కెట్టు లేని ప్రయాణం వచ్చాక, ఆడవాళ్ళు సంతోషంగానే ఎక్కుతున్నారు, ఎక్కాలి కూడా. కాని నిండిన బస్సులో ఉచితం అంటే నిలబడే చోటు దొరికినప్పటి మాట.

సైకిలుకి ఈ గొడవలేవీ లేవు. అది మనకోసం నిలబడి ఉంటుంది గాని మనం దానికోసం నిలబడం. ఊళ్ళో జంక్షన్లతో కలిపి గంటకి 12 కిలోమీటర్లు అనుకుంటే, అయిదు కిలోమీటర్లు పాతిక నిమిషాలు. రేపూ అంతే, ఎల్లుండీ అంతే. అయితే సైకిలుకి దూరం కన్నా మూడు విషయాలు ఎక్కువ ముఖ్యం. వీటిని నేను కాళ్ళతో నేర్చుకున్నాను.

మొదటిది హైవే. గదీ క్లాసూ హైవేకి ఒకే పక్కన ఉండాలి. యూనివర్సిటీ, పెదవాల్తేరు, ఎం.వి.పి. కాలనీ ఇవన్నీ సముద్రం పక్క. సీతమ్మధార, హెచ్.బి. కాలనీ అవతలి పక్క. గజాల్లో చూస్తే సీతమ్మధార దగ్గరే. కాని రోజూ పొద్దున్నా సాయంత్రం లారీల మధ్య ఆ రోడ్డు దాటాలి. ఎం.వి.పి. (ఈ మూడక్షరాల వెనక మువ్వలవానిపాలెం అనే ముచ్చటైన పేరుందని అక్కడుండేవాళ్ళే మరిచిపోయారు) సెక్టార్ల నుంచి పెదవాల్తేరు మీదుగా వస్తే హైవే ముఖం చూడక్కర్లేదు.

రెండోది మెట్ట. మనది ఎత్తు మీద ఉన్న విద్యాలయం. ఎటునుంచి వచ్చినా చివర్లో కొంత తొక్కాలి. ఉప్పగాలి ఊరు కనుక చెమట ఆరదు. క్లాసుకి పది నిమిషాలు ముందు చేరి, పంపు దగ్గర ముఖం కడుక్కోవడం మా బ్యాచిలో ఒక సంప్రదాయం. సాయంత్రం మాత్రం తొక్కకుండానే జారుకుంటూ పోవచ్చు. మార్చి నుంచి వానలు తగ్గేదాకా నైరుతి గాలి తీరం వెంబడే వీస్తుంది. కాబట్టి ఈశాన్యం వైపు, అంటే ఎం.వి.పి., వెంకోజీపాలెం వైపు ఇంటికి పోయేవాడికి వెనకనుంచి ఎవరో తోస్తున్నట్టే ఉంటుంది. నగరానికి నైరుతిలో గది తీసుకున్నవాడికి అదే గాలి సాయంత్రం ఎదురు.

మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది: సైకిలు రాత్రి ఎక్కడ పడుకుంటుంది? మెట్ల కింద పెట్టుకోనివ్వని ఇంటివారుంటే, మూడో అంతస్తుకి రోజూ మోసేవాడు నెల తిరక్కుండా సైకిలు మానేస్తాడు. అలాగే దారిలో పంక్చరు వేసే షాపు ఒకటుండాలి. మోటారు సైకిళ్ళ షాపులు వీధికి నాలుగున్నాయి, సైకిలు ట్యూబు అతుకేసేవాళ్ళు తగ్గిపోతున్నారు.

సైకిలా బస్సా అని పోటీ పెట్టడం కూడా నాకు నచ్చదు. మా గరివిడిలో ఈ రెంటికీ ఎప్పుడూ పోటీ లేదు. ఫెర్రో ఎల్లాయ్స్ కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరు మాది. నా చిన్నప్పుడు చుట్టుపక్కల పల్లెలనుంచి షిఫ్టుకి సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు. విజయనగరంలో చదువుకునే పిల్లలు, పనికెళ్ళేవాళ్ళు స్టేషను దాకా సైకిలు తొక్కి, దాన్ని తాళం వేసి పెట్టి, పాసింజరెక్కేవాళ్ళు. నాలుగు కిలోమీటర్లు సైకిలు, పాతిక కిలోమీటర్లు రైలు. ఇంత సులువైన ఏర్పాటుకి ఎవరూ పేరు పెట్టలేదు. హాలెండులో ఉట్రెక్ట్ అనే ఊరి స్టేషను కింద 12,500 సైకిళ్ళు పెట్టుకునే స్టాండు 2019లో పూర్తయిందని చదివినప్పుడు నాకు మా స్టేషను పక్క చెట్టుకింద గొలుసులు వేసిన సైకిళ్ళే గుర్తొచ్చాయి. సూత్రం ఒకటే. సైకిలు మనల్ని ఒంటి నంబరు వీధినుంచి పది నంబర్ల రోడ్డుకి చేరుస్తుంది. గది హైవేకి కిలోమీటరున్నర లోపలున్నా, చివర సైకిలు పెట్టుకునే నమ్మకమైన చోటుంటే ఆ గది హైవే మీద ఉన్నట్టే.

రాబోయే వాటిని చూసి గది తీసుకునేవాళ్ళకి ఒక్క మాట. విశాఖ మెట్రో మాట 2014 విభజన చట్టంలోనే ఉంది. ఎమ్మెస్సీ రెండేళ్ళే.

ఇదంతా నేను మా బావకి ఉపన్యాసంగా చెప్పలేదు. చెప్పినా వినేవాడు కాదు. ప్రస్తుతం నేను విజయనగరంలో పాఠాలు చెప్పుకుంటున్నాను. మా ఇంట్లోనే ఉండి రోజూ బస్సులో వెళ్ళిరమ్మని పిల్లతో ముందు నేనే అన్నాను. వేసి చూస్తే రోజుకి నాలుగు గంటలు రోడ్డు మీదే. మనుషులు సగటున రోజుకి ఒక గంట ప్రయాణానికి ఇస్తారని, వాహనం వేగం పెరిగితే దూరంగా పోయి కాపరం పెడతారు తప్ప ఆ గంట తగ్గదని మార్చెట్టి అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు 1994లో రాశాడు. నేను మధురవాడలో బస్సు కోసం నిలబడ్డ సంవత్సరమే అది! గంట మాట దేవుడెరుగు, నాలుగు గంటలంటే చదువు జరగదు. అందుకని బావతో ఒకటే అడిగాను: అడ్వాన్సు ఇచ్చేముందు ఒక సోమవారం పొద్దున్న, ఆ గది గుమ్మం నుంచి క్లాసు గుమ్మం దాకా ముగ్గురం వెళ్దాం. ఆదివారం వద్దు. ఆదివారం ప్రతి గదీ యూనివర్సిటీకి దగ్గరే.

వెళ్ళాం. గోపాలపట్నంలో ఎనిమిదింటికి బయల్దేరాం. మొదటి బస్సు నిండిపోయి ఉంటే వదిలేశాం. రెండోది ఎక్కాం. అది కాంప్లెక్సు వైపు పోయేది. అక్కడ దిగి మారాం. మద్దిలపాలెంలో దిగి, అక్కడినుంచి నడక. మొత్తం గంటా పది నిమిషాలు. బావ చొక్కా వీపు మీద తడిసిపోయింది. ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఎం.వి.పి. కాలనీలో చూసిపెట్టిన గది దగ్గరికి వెళ్ళి, అక్కడ అద్దె సైకిలు కూడా దొరక్క, పక్కింటి అబ్బాయి సైకిలు అడిగి తీసుకుని పిల్లని తొక్కమన్నాను. మేమిద్దరం సర్వీసు ఆటోలో వెళ్ళాం. పెదవాల్తేరు ఎత్తు దగ్గర కొంత నడిపించుకుని వచ్చిందట, అయినా ఇరవై నిమిషాలు.

యాభై నిమిషాల తేడా. రానూపోనూ వంద. వారానికి ఆరు రోజులంటే పది గంటలు. కాగితం మీద రాసి చూపించాను. బావ కాగితం చూశాడు గాని, అద్దె పదిహేనువందలు ఎక్కువన్న సంగతి మీదే ఉన్నాడు. అప్పుడు పిల్ల అన్న మాట నా లెక్కలన్నిటి కన్నా బాగా పనిచేసింది. "నాన్నా, ల్యాబు అయిదున్నరకి వదులుతారు. లైబ్రరీలో రెండు గంటలు కూర్చుంటే ఏడున్నర. గోపాలపట్నం అయితే లైబ్రరీకి వెళ్ళను, అయిదున్నరకే పరిగెత్తాలి. రెండేళ్ళూ అంతే." నేను బస్సుల గురించే ఆలోచించాను. చీకటి గురించి ఆమే ఆలోచించింది. తర్వాత మేం ముగ్గురం రాత్రి ఏడున్నరకి అదే దారి మళ్ళీ నడిచి చూశాం. ఎక్కడ లైట్లున్నాయి, ఏ షాపు ఎంతవరకు తెరిచి ఉంటుంది, కుక్కలెక్కడున్నాయి, అన్నీ. ఒక సందు దగ్గర లైటు లేదు. దాన్ని వదిలి పెద్ద వీధిలోంచి రావాలంటే మూడు నిమిషాలు ఎక్కువ. ఆ మూడు నిమిషాలు కలుపుకున్నాం.

ఆడపిల్లల తల్లిదండ్రులకి నా మనవి ఇదే. పగలు చూసిన గదిని రాత్రి కూడా చూడండి. మగపిల్లలవాళ్ళు కూడా చూస్తే నష్టం లేదు.

ఆమె చేరింది. మా అలమండ పక్క ఊరి అమ్మాయి ఒకతె తోడు దొరకడంతో పదిహేనువందలు సగమయ్యాయి. పాత లేడీస్ సైకిలు ఒకటి కొన్నాం. వానరోజుల్లో హైవే మీదికి వచ్చి బస్సెక్కుతుంది, టిక్కెట్టు లేదు. శనివారం మద్దిలపాలెంలో విజయనగరం బస్సెక్కి, మా ఇంట్లో కాఫీ తాగి, గరివిడి పోతుంది. ఒక్కోసారి రైలు తప్పిపోయి మా ఇంట్లోనే పడుకుంటుంది. రైలు గుమ్మం వదులుకున్నందుకు మేం కడుతున్న మూల్యం అది, ఒప్పుకోవాలి. బావ ఇప్పటికీ నెలాఖరున ఫోనులో, "గోపాలపట్నం గది ఇంకా ఖాళీగానే ఉందట" అంటూనే ఉన్నాడు. చెయిన్ కవరు వంగి గీరుకుంటోందని పిల్ల ఫిర్యాదు. వచ్చే ఆదివారం నేను వెళ్ళి దాన్ని బాగుచేయించాలి, ఇసకతోటలో ఆ పాత షాపు ఇంకా ఉంటే.